రెండు వరుసల భజన, రెండు చెవుల ఇయర్‌ఫోను

మొన్న ఆదివారం మా వరండాలో ఏం జరిగిందో మీకింకా తెలియదా? దిల్‌సుఖ్‌నగర్ బస్టాపు నుంచి ఎల్‌బీ నగర్ చౌరస్తా దాకా పాకిపోయిన ముచ్చట అది! రండి, కూర్చోండి, టీ తాగుతూ చెప్తా. నవ్వుకోండి, నేనేమీ అనుకోను. కాలనీ అంతా ఇప్పటికే నవ్వి నవ్వి అలసిపోయింది, మిగిలింది మీరే. ఒక్క మాట మాత్రం ముందే చెప్పేస్తున్నా. తప్పు నాదే, కానీ నా ఉద్దేశం బంగారం!

ఇదంతా మా బామ్మర్ది శంకర్ సూట్‌కేసుతో మొదలైంది. వాడు మస్కట్‌లో ఏసీలు రిపేరు చేస్తాడు. సెలవు మీద వచ్చి, పోచంపల్లికి అమ్మానాన్నల దగ్గరికి పోయే ముందు మా ఇంట్లో దిగాడు. సూట్‌కేసు తెరిచాడు చూడండి, మా అనసూయ కళ్లు అందులోనే ఉండిపోయాయి. అనసూయ అంటే మా ఆవిడ, వాడి అక్క. అక్కకి సెంటు సీసా, నైలెక్స్ చీరా. వాడి సొంతానికి రెండు మైకులున్న పెద్ద టేప్ రికార్డరు. ఇక బావకి, అంటే నాకు, అరచేతిలో పట్టే చిన్న టేప్ సెట్టు. తిప్పి తిప్పి చూశాను, దానికి స్పీకరే లేదు! బదులుగా సన్నటి నల్ల వైరు, ఆ వైరు చివర శనగగింజలంత బుడిపెలు రెండు. అవి చెవుల్లో దూర్చుకోవాలట.

"బావా, సెట్టు మామూలుదే. అసలు పైసలన్నీ గీ ఇయర్‌ఫోన్లకే పోయినయ్. జపాన్ మాల్. దీంట్ల ఇంటే పాటనే కాదు, పాడేటోని ఊపిరి గూడ ఇనబడ్తది" అన్నాడు శంకర్. ధర కూడా చెప్పాడు. అనసూయ వాడి నెత్తి మీద ఒక్కటి వేసింది.

"గీ రెండు బుడిపెలకా? వాటికి బదులు రెండు కమ్మలు తెస్తే నా చెవులకు పెట్టుకుంటుంటి గదరా!"

ఆమె అభిప్రాయం అది. అభిప్రాయాలు చెప్పడం ఆ రోజు మా ఇంట్లో అలా మొదలైంది, ఇప్పటికీ ఆగలేదు.

ఇక్కడ మా భజన మండలి గురించి చెప్పాలి. మా కాలనీ ఎలాంటిదో తెలుసు కదా, నిన్నమొన్నటి దాకా పొలాలు, ఇప్పుడు ప్లాట్లు. రోడ్డు మట్టి రోడ్డే, సగం ఇళ్లకు ప్లాస్టరింగ్ కూడా కాలేదు. భూములమ్మిన ఈ ఊరివాళ్లు ఒక పక్క, కృష్ణా గుంటూరు వైపు నుంచి వచ్చి ఇళ్లు కట్టుకున్నవాళ్లు ఒక పక్క. ఇద్దరూ మాట్లాడుకునేది బోరింగు దగ్గర మాత్రమే, అదీ బిందెల కోసం కొట్లాడుకోవడానికి. అలాంటి రెండు పక్కల వాళ్లనీ బతిమాలి, బామాలి, శనివారం సాయంత్రం ఒక్క జంపఖానా మీద కూర్చోబెట్టింది ఎవరనుకున్నారు? మీ ముందు టీ తాగుతున్న ఈ యాదగిరే! 

మా భజన పద్ధతి ఏమిటంటే, ఎదురెదురుగా రెండు వరుసలు. ఈ ఊరివాళ్ల వరుసకు పెద్ద నర్సిరెడ్డి పటేల్. కాలనీలో సగం ప్లాట్లు ఒకప్పుడు ఆయన జొన్న చేనే. రెండో వరుసకు పెద్ద వెంకట్రామయ్య గారు, తెనాలి నుంచి వచ్చిన రిటైర్డ్ హెడ్మాస్టరు. ఒక వరుస ఒక పాదం పాడితే, రెండో వరుస అదే పాదాన్ని అందుకుని తిరిగి పాడుతుంది. నడుమ తాళాలు పట్టుకుని నేను. మాది పోచంపల్లి, మగ్గాల ఇల్లు. నేను ఈ ఊరివాణ్ణీ కాదు, ఆ తీరంవాణ్ణీ కాదు, కాబట్టి నడుమ కూర్చోవడానికి నాకంటే తగినవాడు లేడని నేనే తీర్మానించుకున్నా. నా గొంతు విని ఏ వరుసా నన్ను రానివ్వలేదన్నది వేరే సంగతి. ఆ తాళాలంటే నాకు ప్రాణం. ఆఫీసులో నన్నెవడూ పట్టించుకోడు. కానీ శనివారం సాయంత్రం నేను తాళం వేస్తేనే రెండు వరుసలూ కదులుతాయి, తెలుసా!

పైగా ఈసారి పెద్ద ముహూర్తం ఉంది. మంగళవారం కర్మన్‌ఘాట్ హనుమంతుడి గుళ్లో భజనకు మమ్మల్ని పిలిచారు. రెండు పక్కలవాళ్లూ కలిసి బయటికి పోవడం అదే మొదటిసారి. అది చక్కగా జరిగితే మండలి నిలబడుతుంది. తేడా వస్తే మళ్లీ ఎవరి బిందె వాళ్లదే, నా తాళాలు అటకెక్కినట్టే.

శనివారం భజనను శంకర్ రికార్డు చేశాడు. నేనే మరీ మరీ చెప్పాను, "రెండు వరుసలకూ సమానంగ జెయ్యిరా, ఎవరికీ తక్కువ కావొద్దు" అని. వాడు పటేల్ వరుస ముందు ఒక మైకు, వెంకట్రామయ్య గారి వరుస ముందు ఒక మైకు పెట్టాడు. ఎంత న్యాయం! ఆదివారం పొద్దున్నే పెద్ద రికార్డరూ మైకులూ సర్దుకుని, క్యాసెట్టు నా చేతిలో పెట్టి, "బస్సు పోతది బావా" అంటూ పోచంపల్లికి ఉరికాడు. ఇయర్‌ఫోన్లు ఎలా వాడాలో చెప్పనే లేదు. చెవిలో పెట్టుకునే దానికి మళ్లీ చెప్పేదేముందని నేనూ అడగలేదు.

వెంటనే మీరు వినొచ్చు కదా అంటారు. ఎట్లా వింటానండీ? దేవుడి భజన. పాడిన పెద్దలు వినకముందే నేను వింటే ఎంగిలి చేసినట్టు కాదూ? అనసూయ క్యాసెట్టుకు బొట్టు పెట్టి దేవుడి దగ్గర ఉంచింది. సాయంత్రం మండలివాళ్లందరినీ టీకి పిలిచాం.

ఇంకో సంగతి. మన ట్రాన్సిస్టర్ రేడియోలతో చెవిలో పెట్టుకునేది ఒక్కటే వస్తుంది కదా? క్రికెట్ కామెంటరీ దాంతోనే కదా ఆఫీసులో దొంగతనంగా వినేది? మరి దీనికి రెండున్నాయంటే అర్థమేమిటి? ఇద్దరు వినడానికి! అందుకే అంత ధర! ఇది నేను స్వయంగా ఆలోచించి కనిపెట్టిన విషయం.

"ఇద్దరికైతే వైరు గింత పొట్టిగెందుకు ఇచ్చిండ్రు?" అని అనసూయ అడిగింది.

"ఫారిన్ల మొగుడు పెండ్లాలు దగ్గర దగ్గర కూసుంటరు. మన తీర్గ ఒకరు వరండాల, ఒకరు వంటింట్ల ఉండరు" అన్నాను. ఆమె నా వైపు ఒక చూపు చూసి వంటింట్లోకి పోయింది.

సాయంత్రం వరండా నిండింది. బెంచీ మీద పటేల్‌నీ వెంకట్రామయ్య గారినీ పక్కపక్కన కూర్చోబెట్టాను. ఒక బుడిపె ఈయన చెవికి, ఒకటి ఆయన చెవికి. వైరు చాలలేదు. ఇద్దరూ దగ్గరికి జరిగారు. ఇంకా చాలలేదు. ఇంకా జరిగారు. పటేల్ తలరుమాలు వెంకట్రామయ్య గారి కళ్లద్దాలకు తగులుతోంది. పెళ్లిపీటల మీద తలంబ్రాలు పోసుకునే జంట కూడా అంత దగ్గరగా కూర్చోదు. నా గుండె పొంగిపోయింది. బోరింగు దగ్గర కొట్టుకునే కాలనీని ఒక్క వైరుకు కట్టాను కదా అని!

"యాదగిరి గారూ, దీన్ని ముందుగా ఎవరన్నా పెట్టుకున్నారా?" అని వెంకట్రామయ్య గారు సందేహంగా అడిగారు.

"లేదు సార్, మీకే బోణీ."

బటన్ నొక్కాను. అంతా ఊపిరి బిగబట్టి వాళ్ల మొహాలే చూస్తున్నాం. పటేల్ మొహం మొదట వెలిగింది. కాసేపటికి కనుబొమలు ముడిపడ్డాయి. తర్వాత మీసం కదిలింది. అటు వెంకట్రామయ్య గారూ అంతే, వెలిగారు, ఆరారు, క్లాసులో దొంగను పట్టిన హెడ్మాస్టరులా నా వైపు చూడటం మొదలుపెట్టారు. చెవుల్లో బుడిపెలున్నాయి కాబట్టి ఇద్దరూ అరుస్తున్నారు.

"మా వరుస ఏది?" అని పటేల్ కేక వేశాడు. "ఆళ్లు ఒక పాదం పాడుతున్నరు, ఆ తర్వాత ఖాళీ! మళ్ల ఆళ్లు, మళ్ల ఖాళీ! మేమేడ వోయినం?"

"అబద్ధమండీ రెడ్డిగారూ!" అని వెంకట్రామయ్య గారు ఇంకా గట్టిగా అరిచారు. "పాడుతున్నదంతా మీవాళ్లే! మా వరుస ఎక్కడో గోడ అవతల గొణిగినట్టుంది. ఇదేం న్యాయమండీ యాదగిరి గారూ? మమ్మల్ని పిలిచి, పాడించి, తీసేస్తారా?"

"జర ఆగుండ్రి, ఇంకెవరైన ఇంటే తెలుస్తది" అని పటేల్ వరుసలోంచి పాల మల్లేశాన్ని, రెండో వరుసలోంచి ట్యూషన్లు చెప్పే ప్రసాదు గారిని కూర్చోబెట్టాను. ఈసారి మల్లేశం ఇందాక వెంకట్రామయ్య గారు కూర్చున్న పక్క కూర్చున్నాడు, ప్రసాదు గారు పటేల్ కూర్చున్న పక్క. బటన్ నొక్కగానే ఇద్దరి మొహాలూ మతాబుల్లా వెలిగాయి.

"వారెవ్వా! ఏం సౌండున్నదే! నా గొంతు నాకే ఎంత మంచిగ ఇనబడ్తున్నది! ఎంత పైసలు వెట్టినా తక్కువే దీనికి!" అన్నాడు మల్లేశం.

"ఎక్స్‌లెంటండీ! మా వరుస గంట కొట్టినట్టుంది! ఇలాంటి క్లారిటీ సినిమా హాల్లో కూడా లేదు" అన్నారు ప్రసాదు గారు.

చూశారా? ఎవరి చెవిలో ఎవరి పాట వినిపిస్తే దాన్నిబట్టి ధర! తన గొంతు విన్నవాడికి జపాన్ మాల్, పక్కవాడి గొంతు విన్నవాడికి దండగ మాల్. పటేల్ అయితే తేల్చేశాడు కూడా, "గీ బుడిపెల పైసలకు మంచి బర్రె ఒస్తుండె. అది పాలన్న ఇస్తుండె."

అక్కడితో ఆగితే బాగుండేది. పటేల్‌కు అసలు మంట అప్పుడు పుట్టింది.

"ఏందిరా మల్లేశం, మన వరుస నాకు ఇనొస్తలేదు, నీకు ఇనొస్తున్నదా? వరుసకు పెద్ద నేనా, నువ్వా?"

"నేనేం జేసిన పటేలా, ఇనొచ్చింది, ఇన్న!"

అటు వెంకట్రామయ్య గారు ప్రసాదు గారిని అదే అడుగుతున్నారు, కాకపోతే అండీలు చేర్చి. ఇప్పటిదాకా రెండు పక్షాలు, ఇప్పుడు నాలుగయ్యాయి. వెనక నుంచి ఎవరో, "యాదగిరి మనిషికో పాట ఏస్తున్నడు, మొఖం జూసి మార్పిస్తున్నడు" అన్నారు. అంతా నా వైపు తిరిగారు.

"ఒక్కటి చెప్పు యాదగిరీ," అని పటేల్ లేచి నిలబడ్డాడు. "నాకు ఆళ్లదే ఇనొచ్చింది. సారుకు మాదే ఇనొచ్చింది. గని నీ తాళాలు?"

"అవునండోయ్!" అన్నారు వెంకట్రామయ్య గారు. "అవి నాకూ వినిపించాయి!"

"నాకు గూడ" అన్నాడు మల్లేశం. "నాకూ" అన్నారు ప్రసాదు గారు.

నలుగురూ ఏకమయ్యారు. మండలి పెట్టినప్పటి నుంచీ అంత ఐకమత్యం నేను చూడలేదు. "అందర్నీ తీసేసి నీ తాళాలు ఉంచుకున్నవన్నట్టు! ఇంక నీ తాళాలతోటి నువ్వే పో కర్మన్‌ఘాట్‌కు. మేము రాము" అని పటేల్ కండువా దులిపాడు. "మేమూ రావట్లేదండీ" అని వెంకట్రామయ్య గారు చెప్పుల్లో కాళ్లు పెట్టారు. సంవత్సరం పాటు ఇంటింటికీ తిరిగి కూడగట్టిన మండలి, టీ చల్లారే లోపల కూలిపోతోంది! నిజంగా ఏడుపొచ్చిందండీ నాకు.

ఇక ఎంగిలీ లేదు, గింగిలీ లేదు. క్యాసెట్టు వెనక్కి తిప్పాను, ఒక బుడిపె చెవిలో పెట్టుకున్నాను. రెండోది ఎవరికివ్వాలి? నా పక్కన కూర్చోవడానికి ఒక్కడూ సిద్ధంగా లేడు. దిక్కులేక అది కూడా నా చెవిలోనే పెట్టుకున్నాను.

అబ్బ! ఏం చెప్పమంటారు! ఎడమ చెవిలో వెంకట్రామయ్య గారి వరుస పాదం ఎత్తుకుంది, కుడి చెవిలో పటేల్ వరుస దాన్ని అందుకుంది. ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు, పాట నా తల లోపల ఊయల ఊగుతోంది. ఒళ్లు జలదరించింది. శంకర్ అన్నది నిజమే, ఊపిరి కూడా వినిపిస్తోంది. అప్పుడు వెలిగింది నా బుర్రలో దీపం. ఓరి యాదగిరీ, ఇది ఇద్దరు మనుషులకు కాదురా, ఒక్క మనిషి రెండు చెవులకు! ఏ మైకు పాట ఆ చెవిలోకి!

అమ్మయ్య, మండలి బతికింది అనుకుని నోరు తెరవబోయాను. అంతలో వినిపించింది. పాట నడుమ, సరిగ్గా నా తల మధ్యలో, ఒక చప్పుడు. అంతా ఒక చోట ఆగితే, అది ఇంకాస్త తర్వాత "ఛంగ్" అంటోంది. పాట ముందు పోతోంది, అది వెనకాల ఉరుకుతోంది, బస్సు తప్పినవాడిలా. ఎవడ్రా ఈ దరిద్రుడు అనుకున్నాను. తర్వాత గుర్తొచ్చింది, తాళాలు పట్టింది నేనే.

ఇప్పుడు చెప్పండి, నా స్థానంలో మీరుంటే ఏం చేస్తారు? వినిపిస్తే నా తాళం బండారం బయటపడుతుంది. వినిపించకపోతే మండలి మాయమవుతుంది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం! ఆ ఒక్క చప్పుడు తగ్గించే మీటేమైనా ఉందేమోనని సెట్టును తిరగేసి మరగేసి చూశాను. జపాన్‌వాడు అన్నీ పెట్టాడు, అది పెట్టలేదు. సరే, నోటితోనే నెట్టుకొద్దామని చూశాను.

"ఆగుండ్రి పటేలా! సార్, ఆగండి! సమజైంది! ఒక్క చెవిల ఒక్క వరుసనే ఒస్తది. రెండూ పెట్టుకుంటే రెండొస్తయ్. నేనిన్న గద, మస్తుగున్నది, మీరు మళ్ల ఇనే అవసరమే లేదు! అనసూయా, ఇంకోసారి టీ పెట్టు!"

"ఎందుకు ఇనొద్దు? ఇనిపియ్యి" అన్నాడు పటేల్.

"వాళ్లను ఇననియ్యి. నీకెందుకు గంత తొందర?" అంది అనసూయ గుమ్మంలోంచి. ఆమె గొంతులో ఏదో అనుమానం.

ఇంక తప్పలేదు. మండలి ఉంటేనే కదా తాళాలు ఉండేది అనుకుని, నా చేత్తో నేనే పటేల్ రెండు చెవుల్లో రెండూ పెట్టాను. బటన్ నొక్కి హనుమంతుణ్ణి తలుచుకున్నాను.

పటేల్ కళ్లు మూసుకున్నాడు. ఈసారి అరవలేదు. చాలాసేపు విన్నాడు. కళ్లు తెరిచేసరికి అవి తడిగా ఉన్నాయి. వెంకట్రామయ్య గారి వైపు తిరిగాడు.

"సారూ, మీరు గింత మంచిగ పాడ్తరా? ఇన్ని శనివారాల నుంచి ఎదురుంగ కూసుంటున్న, నాకు తెల్వనే తెల్వదు. నా గొంతు నేను చించుకునుడే గని, ఎన్నడూ ఇనలే."

తర్వాత వెంకట్రామయ్య గారు విన్నారు. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "రెడ్డిగారూ, మీ వరుస అందుకోవడం చూడండి, మా పాదం కింద పడకుండా పట్టుకున్నట్టుంది" అన్నారు. ఇద్దరూ ఒకరి చేతులొకరు పట్టుకున్నారు. వరండా అంతా చప్పట్లు. నేను కూడా కొట్టాను, అందరికంటే గట్టిగా, ఆ చప్పుడులో మిగతాదంతా మర్చిపోతారని.

మర్చిపోలేదు.

"గని యాదగిరీ," అన్నాడు పటేల్, చెవి రుద్దుకుంటూ. "నడుమ నువ్వు... ఎప్పుడూ గట్లనే కొడ్తవా?"

"నేనూ అదే అడుగుదామనుకున్నానండీ," అన్నారు వెంకట్రామయ్య గారు, పాపం ఎంతో మర్యాదగా. "ప్రతిసారీ కొంచెం ఆలస్యంగా పడుతోంది. మేమెందుకు దారి తప్పుతున్నామో ఇప్పుడు తెలిసింది. ఇన్నాళ్లూ రెడ్డిగారి వరుస తప్పనుకున్నాను."

"మేము మీ వరుసది తప్పనుకున్నం సారూ!"

మల్లేశం విన్నాడు, ప్రసాదు గారు విన్నారు, వరండాలో ఉన్నవాళ్లంతా ఒకరి తర్వాత ఒకరు రెండు చెవుల్లోనూ పెట్టుకుని విన్నారు. సౌండు ఫస్ట్ క్లాసని అందరూ ఒప్పుకున్నారు. ధర ఎంతైనా పెట్టొచ్చన్నారు. బర్రె మాట పటేల్ వెనక్కి తీసుకున్నాడు. నా తాళం గురించి కూడా అందరిదీ ఒక్కటే మాట. మా కాలనీలో ఏకగ్రీవంగా జరిగిన మొట్టమొదటి తీర్మానం ఏదంటే, యాదగిరి చేతిలోంచి తాళాలు తీసుకోవాలి.

అనసూయ చిట్టచివర విన్నది. నవ్వుతోంది! "నా తమ్ముడు ఎంత పోసి కొన్నడో గని, పైసా వసూల్. నేను పెండ్లయినకాంచి చెప్తున్న, నీది తాళం కాదు, తాళం తప్పుడు అని. ఇన్నవా? జపాన్‌వాడు చెప్పాల్సొచ్చె!" అంది. మగ్గం చప్పుడులో పుట్టి పెరిగిన పిల్ల కదా, తాళాలు చేతికిస్తే గడియారంలా కొట్టింది. అక్కడికక్కడే ఆమెకు ఇచ్చేశారు.

మంగళవారం కర్మన్‌ఘాట్ గుళ్లో భజన ఎంత బాగా జరిగిందనుకున్నారు! పూజారి గారు మళ్లీ రమ్మన్నారు. రెండు వరుసలూ ఒకరి పాట ఒకరు వింటూ పాడుతున్నారు, నడుమ అనసూయ తాళం. నేనూ పోయాను. కూర్చోవడానికి పటేల్ తన వరుసలో చోటిచ్చాడు, పాడనని ఒట్టు పెట్టించుకుని. మధ్యలో ఉత్సాహం ఆపుకోలేక చప్పట్లు మొదలుపెట్టబోతే, ఎదుటి వరుస నుంచి వెంకట్రామయ్య గారు చేతులు జోడించి మరీ దండం పెట్టారు.

కాలనీలో ప్రతివాడూ ఆ ఇయర్‌ఫోన్ల మీద తన అభిప్రాయం చెప్పాడు కాబట్టి, నాదీ అడుగుతారని తెలుసు. చెప్తాను. సౌండు అద్భుతం. పెట్టిన ప్రతి పైసాకూ న్యాయం. మీరు మాత్రం పొరపాటున కూడా కొనకండి.